మారిషస్‌లో ఒక సాయంత్రం – మన తెలుగు బడులకు ఒక పాఠం



"ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటున్నాము కదా టీచర్, ఇంక బడిలో కూడా అదెందుకు?" జూన్ నెల వచ్చి, పిల్లలను బడిలో చేర్చుకొనే రోజులు మొదలైతే చాలు, ఈ ప్రశ్న వినని యేడాది నా ఉద్యోగ జీవితంలో లేదు. కృష్ణగిరి జిల్లాలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న మా పల్లెలలో తెలుగు పరాయి భాష కాదు. సంతలో తెలుగు, పొలంలో తెలుగు, జాతరలో తెలుగు. అందువలననే మా తల్లిదండ్రులకు దానిని గూర్చి భయం లేదు. బావిలో నీళ్లున్నంత కాలం తోడుకొనే తాడును గూర్చి ఎవరు ఆలోచిస్తారు?

మరొక మాట కూడ తరచుగా వింటున్నాను. దీనిని పట్టణాలలోని తెలుగు సంఘాల పెద్దలు చెబుతుంటారు. "ఏటేటా ఉగాదికి విందు పెడుతున్నాము, పాటల కచేరీ జరుపుతున్నాము, పిల్లలు వచ్చి పాడుతున్నారు. సంస్కృతి నిలబడినట్లే కదా?" అని.

ఈ రెండు ప్రశ్నలకు ఇదివరలో నేను రాజ్యాంగమును చూపి సమాధానం చెప్పేదానను. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన గురించి 350-ఎ అధికరణం ఉన్నదని, దానిని 1956లో చేర్చారని చెప్పేదానను. విన్నవారు మర్యాదగా తల ఊపి వెళ్లిపోయేవారు. ఇప్పుడు ఆ పద్ధతి మానుకున్నాను. దానికి బదులుగా, నేను పరదేశంలో గడిపిన ఒక సాయంత్రం గురించి చెబుతున్నాను. దానినే ఈరోజు మీ ముందు ఉంచుతున్నాను.

2012 డిసెంబరులో తిరుపతిలో జరిగిన నాల్గవ ప్రపంచ తెలుగు మహాసభలకు నేను వెళ్లాను. అక్కడ భోజనాల వరుసలో మారిషస్ నుండి వచ్చిన ఒక తెలుగు ఉపాధ్యాయురాలు పరిచయమైంది. వయసులో నాకంటే చిన్నది. ఆనాటి నుండి నన్ను "అక్కా" అనే పిలుస్తున్నది. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో తమ దేశంలోనే జరిగాయని, అప్పటికి తాను చిన్నపిల్లనని గర్వంగా చెప్పింది. ఉత్తరాలతో మొదలైన మా స్నేహం తరువాత ఫోనులోనికి మారింది. రెండేళ్ల క్రితం, ఆ దేశంలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు టిక్కెట్టు కొని పంపగా, వేసవి సెలవులలో ముంబై మీదుగా మారిషస్ వెళ్లాను. మనకు మండు వేసవియైన ఆ మే నెల అక్కడ చలికాలపు ముంగిలి.

ఆ దేశపు తెలుగువారి చరిత్ర మన పిల్లలకు రెండు మాటలలోనైనా చెప్పదగినది. 1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. చెరకు తోటలలో పని చేయడానికి తెల్లదొరలు మన దేశం నుండి ఒప్పందం మీద కూలీలను తీసుకొనిపోయారు. అట్లు వెళ్లినవారు ఓడ దిగి మెట్లెక్కిన చోటు పోర్ట్ లూయీలో నేటికీ ఉన్నది. దానిని ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. తెలుగువారిని ఆ దేశంలో "కోరింగీలు" అని పిలిచేవారు. యానాముకు పొరుగున గోదావరి పాయ మీద ఉన్న కోరంగి రేవు నుండి వచ్చిన పేరది. 1789లోను, 1839లోను వచ్చిన తుపానులకు ఆ రేవు దెబ్బతిని క్రమంగా మాసిపోయింది. కాని ఆ ఊరి పేరు సముద్రానికి అవతల మనుషులకు పేరై మిగిలింది.

ఒక శనివారం సాయంత్రం నా స్నేహితురాలి ఇంటికి వెళ్లాను. చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు నాలుగైదు వచ్చాయి. పెరటిలో కట్టెల పొయ్యి మీద పెద్ద పెద్ద గిన్నెలు. "అక్కా, మీరు కూర్చొనండి. మీరు అతిథి" అని ఆమె పుస్తకాల తెలుగులో ఆజ్ఞాపించింది. నేను కూర్చోలేదు. పొయ్యి దగ్గరకే పోయాను. వంట జరిగే చోట కూర్చోమంటే కూర్చొనే ఆడది మా వైపు పుట్టలేదు.

ఆ సాయంత్రపు భోజనాన్ని వారు "సెత్ కారి" అంటారు. ఫ్రెంచిలో సెత్ అంటే ఏడు. అరిటాకులో అన్నం పెట్టి, చుట్టూ ఏడు కూరలు వడ్డిస్తారు. పెళ్ళిళ్లకు, వ్రతాలకు ఇదే విందు. గుమ్మడి, పచ్చి అరటి, లేత పనస, పప్పు, టమాటాల కూర, ఇట్లు సాగింది. ఆకుకూరను చూపి దాని పేరు "బ్రెద్ మురుం" అన్నారు. నోట్లో పెట్టుకోగానే నవ్వు వచ్చింది. అది మన మునగాకే! మురుం అంటే తమిళపు మురుంగై. చారును "రసోఁ" అంటున్నారు, పచ్చడిని "సాతిని" అంటున్నారు. పిల్లలు ముందుగానే తిని వేసిన "గాతో పిమాఁ" అనే వంటకం పేరు వింటే ఫ్రెంచి దొరసాని వండినదనిపిస్తుంది. తిని చూస్తే పప్పు నానబెట్టి కచ్చాపచ్చాగా రుబ్బి పచ్చిమిరపకాయ వేసి కాల్చిన మన మసాల వడకు తోబుట్టువు.

నేను సంచిలో రాగిపిండి తీసుకొనిపోయాను. ఆ పొయ్యి మీదనే సంగటి గెలికి ముద్దలు చేశాను. వారి పూర్వీకులు ఎక్కువగా ఉత్తర కోస్తా నుండి వెళ్లినవారు. నేటికీ వారు సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ చేసుకుంటారు. సంగటి వారు ఎరుగనిది. నా స్నేహితురాలి తల్లి, ఎనభై దాటిన పెద్దావిడ, ముద్దను వేలితో గుచ్చి చూసి క్రియోల్ భాషలో ఏదో అన్నది. అందరూ పకపక నవ్వారు. నా స్నేహితురాలు సిగ్గుపడుతూ అర్థం చెప్పింది. "దీనితో గోడ కట్టవచ్చును అంటున్నది అక్కా." ఆ తరువాత ఆ పెద్దావిడ రెండవ ముద్ద కూడ అడిగి పెట్టించుకొన్నదని ఇక్కడ తెలియజేయడం నా ధర్మం.

భోజనాలైన తరువాత నడి ఇంట్లో దీపం వెలిగించారు. వారు రామభజనం అని పిలిచే సంప్రదాయం అది. దీపాన్ని మధ్యలో ఉంచి, చుట్టూ తిరుగుతూ, తాళాలు వేస్తూ, మద్దెల కొడుతూ పాడతారు. పూర్తిగా జరిపితే తెల్లవార్లు సాగుతుందట. ఆ రాత్రి రెండు గంటలు సాగింది. మా వైపు పండరి భజన చూచి పెరిగిన నా కాళ్లు ఆగలేదు. మోకాళ్ల నొప్పి మరచి నేనూ ఆ వలయంలో కలిశాను. ఎనభై దాటిన ఆ పెద్దావిడ గొంతెత్తితే యువకులు ఆమె వెనుక అందుకున్నారు. ఒక్క మాట తడబడలేదు. పాట తరువాత పాట. అన్నీ తెలుగే.

పాటల మధ్య విరామంలో నేను ఆమె దగ్గర కూర్చొని తెలుగులో క్షేమ సమాచారాలు అడిగాను. ఆమె నా చేయి పట్టుకొని నవ్వుతూ నా ముఖం చూస్తూ ఉండిపోయింది. నా మాట ఒక్కటీ ఆమెకు అర్థం కాలేదు. గంట సేపు తెలుగులో పాడిన మనిషికి "బాగున్నారా" అన్నది బోధపడలేదు. ఆమెకు వచ్చినది క్రియోలు, కొంత భోజపురి. పాటలు మాత్రం తల్లి దగ్గర చెవితో నేర్చుకున్నది. ఆ తల్లి తన తల్లి దగ్గర.

మిత్రులారా, ఈ రెండింటినీ కలిపి చూడండి. నూరేళ్లకు పైబడి, ఏ పుస్తకమూ లేకుండా, కేవలం వంటిల్లు, దీపం, పాట ఒక జాతిని జాతిగా నిలిపాయి. ఇది సామాన్యమైన సంగతి కాదు. విందులను, పాటలను చులకన చేసే పండితుల పక్షాన నేను లేను. కాని అదే పాట, అర్థం పోయిన తరువాత కూడ ఆగకుండ సాగిపోగలదు. లోపల గింజ ఉన్నదో లేదో కాయను పైనుండి చూచి చెప్పలేము. పిల్లలు పాడుతున్నారు కాబట్టి భాష నిలబడిందనే మన సంఘాల పెద్దలు ఈ మాట కొంచెం ఆలోచించాలి.

ఆ ఇంట ఒక నోటుపుస్తకం ఉన్నది. పాటలన్నీ అందులో వ్రాసుకున్నారు. తెలుగు లిపిలో కాదు, ఇంగ్లీషు అక్షరాలలో, ఫ్రెంచి ఉచ్చారణకు తగినట్లుగా. మన 'ఉ' కారానికి ఓ, యు అనే రెండు అక్షరాలు వేశారు. హ్రస్వమేదో దీర్ఘమేదో తెలియదు. 'న'కు 'ణ'కు తేడా లేదు, 'ల'కు 'ళ'కు తేడా లేదు. అమ్మవారి పాట ఒకటి ఆ పెద్దావిడ పాడినప్పుడు "తల్లి" అనే మాట స్పష్టంగా వినబడింది. అదే పాటను ఆ పుస్తకం చూసి నేర్చుకున్న యువకులు పాడినప్పుడు అది "తాళి" అయినది. వ్రాతలో ఒకే 'ఎల్' ఉన్నది మరి! అమ్మవారిని పిలిచే పాట తాళిని పిలిచే పాటగా మారిపోయింది. ఆ గదిలో ఎవరికీ ఏమీ అనిపించలేదు. అతిథిని గనుక నేనూ నోరు మెదపలేదు.

నోరు విప్పినది నా స్నేహితురాలి కూతురు. పదేళ్ల పిల్ల. ఆ దేశంలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో హిందీ, ఉర్దూ, తమిళం, మరాఠీల వలెనే తెలుగును కూడ ఐచ్ఛిక భాషగా బోధిస్తారు. ఆ పైన మహాత్మా గాంధీ సంస్థలో డిగ్రీ వరకు చదువుకొనే వీలున్నది. ఈ పిల్ల బడిలో తెలుగు తీసుకున్నది. నోటుపుస్తకం తన వైపు లాగుకొని, వ్రేలు పెట్టి, ఒక్కొక్క మాటే కూడబలుక్కొని, "ఇది తప్పు. ఇక్కడ తల్లి ఉండవలెను. లకు లవత్తు" అన్నది. అని ఊరుకోలేదు. పెన్సిలు తీసి ఆ పంక్తి పక్కన 'తల్లి' అని గుండ్రంగా వ్రాసింది. ఆ పుస్తకంలో మొట్టమొదటి తెలుగు మాట అదే.

అమ్మమ్మ నోటిలో ఒప్పుగా ఉన్నది, మధ్య తరం చేతిలో తప్పయినది, మనుమరాలి చేతిలో మళ్లీ ఒప్పయింది. ఆ దిద్దుబాటు పాట వలన జరగలేదు, విందు వలన జరగలేదు. వారానికి కొన్ని గంటలు ఒక ఉపాధ్యాయుడు నల్లబల్ల ముందు నిలబడి నేర్పిన ఒత్తుల పాఠం వలన జరిగింది. మన వృత్తి ఎందుకు పనికివస్తుందని ఎవరైనా అడిగితే ఇకమీదట నేను చెప్పే సమాధానం ఇదే.

ఇంతవరకు వ్రాసినదంతా ఇతరుల సంగతి. ఇక నా సంగతి వ్రాయక తప్పదు.

అక్కడ ఏడు గంటలైతే మనకు ఎనిమిదిన్నర. భజన మొదలు కాకముందే, ఫోనులో ముఖాలు కనబడేటట్లుగా హోసూరులో ఉన్న నా మనుమడిని పిలిచాను. తొమ్మిదేళ్ల వాడు. "అవ్వా, ఆడ సముద్రం చూసితివా? నాకేమి తెస్తావు?" అని గడగడ మాట్లాడాడు. అక్కడున్న వారందరూ ఫోను చుట్టూ మూగారు. ఒక చిన్నపిల్లవాడి నోట అంత ధారాళంగా తెలుగు రావడం వారికి అద్భుతం. నా స్నేహితురాలి కళ్లు చెమ్మగిల్లాయి. నేను గర్వంతో పొంగిపోయాను.

అప్పుడు ఆ పిల్ల, మాట్లాడటానికి సిగ్గుపడి, ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో "నీ పేరు ఏమి?" అని తెలుగులో వ్రాసి ఫోను ముందు పట్టుకొన్నది.

మా వాడు కాసేపు చూశాడు. "అవ్వా, ఆ పాప ఏమి రాసుండేది? నాకు తెలీదే" అన్నాడు.

నేనే చదివి చెప్పాను. వాడు పేరు చెప్పాడు. ఎవరూ ఏమీ అనలేదు. కాని ఆ పిల్ల తన తల్లి చెవిలో ఏదో అడగడం నేను చూశాను. తరువాత నా స్నేహితురాలిని బలవంతపెడితే చెప్పింది. "ఆ అమ్మమ్మ గారు తెలుగు టీచరు అన్నావు కదా?" అని అడిగిందట.

తెలుగు వ్రాయడం తెలిసి మాట్లాడలేని పిల్ల ఒకవైపు, మాట్లాడటం తెలిసి చదవలేని నా మనుమడు మరొకవైపు. ఇద్దరిలో ఎవరి స్థితి మేలని ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచించాను. మా వాడి తెలుగు నేడు నిండుగా ఉన్నది, నిజమే. కాని నూట ఎనభై ఏళ్ల క్రితం ఓడ ఎక్కిన ఆ కూలీల పిల్లల నోట కూడ తెలుగు అంత నిండుగానే ఉండి ఉంటుంది కదా! ఇంట్లో మాట్లాడుతున్నామనే ధైర్యం మూడు తరాలకు మించి నిలవదని చెప్పడానికి ఆ పెద్దావిడ నవ్వు ముఖం చాలు. మాట్లాడే భాష చుట్టూ ఉన్న గాలిని బట్టి మారిపోతుంది. ఉద్యోగం మారితే, ఊరు మారితే, పెళ్ళి సంబంధం మారితే మారిపోతుంది. చదవడం వచ్చినవాడు మాత్రం ఎప్పుడైనా వెనక్కు రాగలడు. వాడికి దారి తెలుసు.

మా అమ్మాయి, అల్లుడు పిల్లవాడిని ఇంగ్లీషు మాధ్యమపు ప్రైవేటు బడిలో చేర్చారు. అక్కడ తెలుగు లేదు. చేర్చేటప్పుడు నన్ను అడిగారు. "మీ ఇష్టం" అన్నాను. ఇంటింటికీ తిరిగి ఇతరుల పిల్లలను తెలుగు తరగతిలో చేర్చమని వేడుకొనే నేను, నా ఇంట్లో "మీ ఇష్టం" అన్నాను. ఇది వ్రాయడానికి సిగ్గుగా ఉన్నది. కాని నాలాంటి ఉపాధ్యాయులు మనలో ఎందరు ఉన్నారో మీకు తెలుసు. అందుకే వ్రాస్తున్నాను.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ప్రకారం ఒకటవ తరగతితో మొదలై ఏడాదికొక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. 2015-16 నాటికి అది పదవ తరగతి పరీక్షను చేరింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలు మినహాయింపు కోసం న్యాయస్థానాల మెట్లెక్కవలసి వచ్చింది. ఇటువంటి పరిస్థితిలో తల్లిదండ్రులను తప్పుపట్టడం న్యాయమా అని కొందరు అడుగుతారు. వారి బాధ నాకు తెలుసు. పరీక్షకు ముందు వణికిన పిల్లలను నేను నా తరగతిలో చూశాను. తమిళం మీద నాకు ఏ ద్వేషమూ లేదు. ఈ నేల మీద బ్రదికేవారికి ఆ భాష అవసరం, అందం కూడ. మన హక్కుల కోసం అడగవలసిన చోట అడుగుదాం. కాని ప్రభుత్వం ఇచ్చేదాకా ఆగుతామని ఇంట్లో ఒక పలక కూడ కొనకపోవడానికి ఏ చట్టమూ అడ్డు రాలేదు. మారిషస్‌లో కూడ తల్లిదండ్రులకు ఎంపిక ఉన్నది. 2012 నుండి అక్కడి బడులలో వారు ఇంట మాట్లాడే క్రియోలు కూడ ఐచ్ఛిక భాషగా వచ్చింది. పిల్లలకు సులువుగా మార్కులు వచ్చే దారి అది. అయినా ఇంట్లో ఒక్క తెలుగు మాట లేని తల్లిదండ్రులు కొందరు పిల్లను తెలుగులోనే కూర్చోబెడుతున్నారు. అన్నీ ఉన్న మనము వెనుకాడుతున్నాము.

కనుక నా మనవులు మూడు.

ఉపాధ్యాయ మిత్రులకు: పిల్లల ఇళ్లలోని పాటలను తరగతిలోనికి రానివ్వండి. ప్రతి పిల్లవాడు తన అవ్వ దగ్గర ఒక పాటను విని, తెలుగు అక్షరాలలో వ్రాసుకొని రావాలి. జోలపాట, నాట్ల పాట, భజన పాట, ఏదైనా సరే. సంగటి ఎట్లా గెలకాలో, పితికిపప్పు ఎట్లా వండాలో అడిగి వ్రాయమనండి. గత ఏడాది నా తరగతిలో ఇది చేసి చూశాను. ద్విత్వాక్షరాలు, సంయుక్తాక్షరాలు ఎంత చెప్పినా రానివారు, అవ్వ చెప్పిన మాట తప్పు పోగూడదనే పట్టుదలతో నేర్చుకున్నారు. వారు తెచ్చిన మాటలలో కొన్ని ఏ వాచకంలోను లేనివి. వాటిని తప్పులని కొట్టివేయకండి.

తల్లిదండ్రులకు: బడిలో తెలుగు తీసుకొనే వీలుంటే తీసుకోండి. వీలు లేకపోతే రోజుకు అరగంట మీరే కూర్చొనండి. మీకే చదవడం రాకపోతే పిల్లలతో కలిసి నేర్చుకోండి. సిగ్గుపడవలసినది లేదు.

తెలుగు సంఘాల పెద్దలకు: విందు మానవద్దు, పాట మానవద్దు. ఆ ఒక్క సాయంత్రం మీద పెట్టే ఖర్చులో పదవ వంతును మీ చుట్టూ ఉన్న తెలుగు తరగతుల పుస్తకాలకు ఇవ్వండి. వేదిక మీద పాడే ప్రతి పిల్లవాడి చేతిలో ఆ పాట తెలుగు లిపిలో ఉండాలనే ఒక్క నియమం పెట్టండి. ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసుకొని వచ్చినవారిని వెనక్కు పంపనక్కరలేదు. పక్కన కూర్చోబెట్టుకొని ఒక్క పంక్తినైనా తెలుగులో వ్రాయించండి.

ఆ రాత్రి చివరి సంగతి చెప్పి ముగిస్తాను. భజన అయిన తరువాత యువకులు పెరటిలోనికి పోయి రవాన్ అనే వాద్యాన్ని పొయ్యి సెగకు కాచడం మొదలుపెట్టారు. మేకతోలు బిగించిన గుండ్రని వాద్యం అది. మా ఊరి జాతరలో పలకను మంటకు కాచే దృశ్యం కళ్లముందు నిలిచింది. ఆఫ్రికా నుండి తెచ్చిన బానిసల సంతతి కాపాడిన సెగా అనే ఆటపాట అది. అదీ తమదే అన్నట్లు వారు ఆడారు. పక్కవారి పాటను ప్రేమించడానికి తమ పాటను వదలుకోనవసరం లేదని ఆ పిల్లలకు ఎవరూ ప్రత్యేకంగా బోధించినట్లు లేదు.

ఊరికి వచ్చిన మరునాడే మా మనుమడిని కూర్చోబెట్టి 'అ ఆ'లు దిద్దించాను. వాడు గొణిగాడు. ఆటకు పోయే వేళ అని ఏడ్చాడు. వాళ్ల అమ్మ కూడ ముఖం ముడుచుకున్నది. నేను వదలలేదు. ఆరు నెలలు పట్టింది. నిరుడు సంక్రాంతికి వాడు మారిషస్‌కు ఒక ఉత్తరం వ్రాశాడు. నాలుగు పంక్తులు. మొదటి పంక్తిలో తన పేరు. మూడవ పంక్తిలో 'అవ్వ' అనే మాటకు వవత్తు మరచిపోయాడు. నేను దిద్దబోయి ఆగిపోయాను.

ఆ పిల్ల దిద్ది పంపింది.